తప్పనిసరే, కానీ ఎవరెంత కట్టాలి?

అందరికీ నమస్కారం.

ఆరోగ్య బీమా తప్పనిసరి చేయాలా అంటే, చేయాలనే నేనంటాను. అయితే ఎవరెంత కట్టాలో ముందు తేల్చాలి. అది తేలకుండా నేను చెయ్యెత్తను.

ఒంట్లో బాగున్నంత కాలం పాలసీ ఎవరికీ గుర్తుకు రాదు. గుండెలో బ్లాక్ ఉందన్నాక ఏజెంటుకి ఫోన్ చేస్తాం. అలా జబ్బున్నవాళ్లే ఎక్కువగా చేరితే ప్రీమియం పెరుగుతుంది. పెరగగానే బాగున్నవాళ్లు ఇంకొందరు మానేస్తారు, మళ్లీ పెరుగుతుంది. అందరూ ఉంటేనే భారం తగ్గుతుంది. ఇంతవరకు లెక్క సరైనదే.

కానీ మన డెల్టాకి పంటల బీమా అనుభవం ఉంది. పంట రుణం తీసుకున్న రైతు దగ్గర ప్రీమియం బ్యాంకే మినహాయించుకునేది. 2020 ఖరీఫ్ నుంచి దాన్ని రైతు ఇష్టానికి వదిలేశారు. ఆ తప్పనిసరి రోజుల్లో చేలో దిగేది కౌలు రైతు, చాలాచోట్ల రుణం మాత్రం భూమి యజమాని పేరు మీద. కోతల ముందు తుఫానొచ్చి వరి పడిపోతే నష్టం ఒకరిది, పరిహారం పడే ఖాతా మరొకరిది. ఈ ముచ్చట కౌలు చేసినవాళ్లెవరైనా నాకంటే బాగా చెబుతారు. ఆరోగ్య బీమాలో కూడా డబ్బు కోసుకోవడమే ముందు మొదలవుతుందేమోనని నా టెన్షన్.

నాకు నచ్చిన పద్ధతి ఈఎస్‌ఐది, అంటే తక్కువ జీతాల ఉద్యోగులకున్న ప్రభుత్వ బీమాది. 1948 చట్టంతో మొదలైంది. ఈఎస్‌ఐ వర్తించే రొయ్యల ప్లాంటులో 12,000 జీతానికి చేసే అమ్మాయి నెలకి కట్టేది 90 రూపాయలు, యాజమాన్యం కట్టేది 390. ఆమె వయసెంత, షుగరుందా అని అడగరు. ఆ డిస్పెన్సరీల్లో మందులు ఎప్పుడూ ఉంటాయని నేను హామీ ఇవ్వలేను, అది వేరే గొడవ. అదే బయట కొనే పాలసీకి వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది, సంపాదన తగ్గే వయసులోనే. 2025 సెప్టెంబరులో 18 శాతం జీఎస్టీ తీసేసినా ఆ లెక్క మారలేదు.

పేద కుటుంబాలకు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. పాలకొల్లులోనో, అమలాపురంలోనో చిన్న షాపు పెట్టుకుని, ఆదాయ పరిమితి కొంచెం దాటినవాళ్ల సంగతేమిటి? వాళ్లకి యజమానీ లేడు, కార్డూ లేదు. తప్పనిసరి అంటే మొదట నోటీసు వెళ్లేది వాళ్లకే. కాబట్టి వాళ్ల వంతు ఆదాయంలో ఇంత శాతం అని చట్టంలోనే రాయాలి, మిగతాది ప్రభుత్వం వేసుకోవాలి. నెలనెలా కొనే బీపీ మాత్రలు, రక్త పరీక్షలు కూడా అందులోకి రావాలి. మంచం ఎక్కితేనే పనికొచ్చే బీమాకి వాళ్లచేత బలవంతంగా కట్టించడం నాకు న్యాయంగా తోచదు.