రిఫండ్ మెయిల్ వచ్చిందా? అడ్రస్‌ను వెనక నుంచి చదవండి

[స్క్రీన్ మీద: ఫోన్‌లో తెరిచి ఉన్న ఒక మెయిల్]

నమస్తే అండీ. ఈ మెయిల్ చూడండి. పైన ఆదాయపు పన్ను శాఖ అని పేరు, పక్కన మూడు సింహాల గుర్తు, కింద "మీ రిఫండ్ సిద్ధంగా ఉంది, ఈ రాత్రిలోగా బ్యాంకు వివరాలు ఇవ్వండి" అంటూ ఒక నీలం బటన్. పోయిన జులైలో మా బాబాయికి అచ్చం ఇలాంటిదే వచ్చింది. ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి ఆయన. అప్పుడే రిటర్న్ వేసి రిఫండ్ ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నారు కాబట్టి అనుమానమే రాలేదు. బటన్ నొక్కారు, కార్డు నంబర్ ఇచ్చారు, ఓటీపీ కూడా కొట్టారు. 38 వేలు పోయాయి.

మరి చట్టం ఏం చేస్తోంది అంటారా? అమెరికాలో 2003లోనే క్యాన్-స్పామ్ అని ఒక చట్టం చేశారు. ప్రకటన మెయిల్ పంపేవాడు తానెవరో దాచకూడదు, వద్దు అని చెప్పాక 10 పనిదినాల్లో ఆపేయాలి. మన దగ్గర మెయిల్ స్పామ్, అంటే మనం అడగకుండా వచ్చిపడే మెయిళ్ల కోసమంటూ విడిగా చట్టం లేదు. ఐటీ చట్టం (ఆదాయపు పన్నుది కాదు, సమాచార సాంకేతిక చట్టం) 66ఏ సెక్షన్‌లో ఒక ముక్క ఉండేది, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా మోసపుచ్చే మెయిల్ పంపితే నేరమని. కానీ అదే సెక్షన్ కింద ఫేస్‌బుక్ పోస్టులు పెట్టినవాళ్లను కూడా అరెస్టు చేశారు, దాంతో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. కొట్టేయడం న్యాయమే. అయితే ఆ ఒక్క ముక్కనైనా మళ్లీ సరిగ్గా రాసి ఉండాల్సింది, ఇన్నేళ్లయినా రాయలేదు, నా కోపమంతా దాని మీదే.

ఎస్ఎంఎస్‌ల విషయంలో కాస్త నయం. టెలికాం సంస్థలను నియంత్రించే ట్రాయ్ నిబంధనలున్నాయి, 1909కి ఫిర్యాదు చేయొచ్చు, ఇప్పుడు పంపినవాళ్ల పేరు చివర పి ఉంటే ప్రకటన, జి ఉంటే ప్రభుత్వం అని గుర్తులు కూడా పెట్టారు. మెయిల్‌కి అదీ లేదు. మోసం జరిగాక అదే ఐటీ చట్టంలో 66డి సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కానీ వాడు దొరకాలి కదా!

[స్క్రీన్ మీద: పంపినవాళ్ల పేరు మీద వేలు నొక్కడం]

అందుకే ఇది నేర్చుకోండి. ఫోన్‌లో మనకు కనిపించేది పేరు ఒక్కటే, అది ఎవడైనా ఏదైనా పెట్టుకోవచ్చు. దాని మీద నొక్కితే అసలు అడ్రస్ కనిపిస్తుంది. దాన్ని చివరి నుంచి చదవండి. ఉత్తరం మీద ఊరు, జిల్లా చివర రాస్తాం చూడండి, ఇదీ అంతే. ముందు ఇన్‌కమ్‌ట్యాక్స్ అని ఎంత పెద్దగా ఉన్నా, చివర డాట్ గవ్ డాట్ ఇన్ (.gov.in) లేకపోతే అది ఆదాయపు పన్ను శాఖది కాదు. లింకు నొక్కే ముందు కూడా వేలు దాని మీద కాసేపు అదిమి పట్టుకుంటే ఎక్కడికి వెళ్తుందో కనిపిస్తుంది, అప్పుడూ ఇదే లెక్క, కాకపోతే https:// తర్వాత వచ్చే మొదటి / గీత దగ్గర ఆగి, దాని ముందున్న ముక్కనే చివరి నుంచి చదవాలి. బ్యాంకులను కూడా 2025 అక్టోబర్ 31లోగా బ్యాంక్ డాట్ ఇన్ (.bank.in) అనే చివరకు మారమని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది.

ఇంత చూసినా పొరపాటు జరిగితే? వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. అప్పుడే, అదే నిమిషం. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి మరో నాలుగింటికి పారిపోతూ ఉంటుంది, మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపించడానికే ఆ నంబర్. ఎంత పోయింది, ఎన్నింటికి, లావాదేవీ నంబర్ ఎంత, ఇవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. తర్వాత బ్యాంకుకి చెప్పి, ఫిర్యాదు నంబర్ రాసుకోండి. ఎందుకంటే 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ ఉత్తర్వు ప్రకారం, మనమే ఓటీపీ ఇచ్చినా సరే, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు నెత్తినే.

బాబాయి పరువు పోతుందని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. ఇప్పుడు ఆయన ఫోన్‌లో 1930 సేవ్ చేసి ఉంది, "డబ్బు పోతే" అనే పేరుతో. పిన్ని ఫోన్‌లో కూడా ఆయనే చేసి పెట్టారు.