ఆట అమ్ముకోండి, కార్డులు మాత్రం ఇప్పుడే కాదు

అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్ తెరిచి ఉన్నవాళ్ళు, కంప్యూటర్ ఆటలమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్‌లో ఈమధ్యే విడుదలైన ఏదైనా చిన్న ఆట పేజీకి వెళ్ళండి. కుడిచేతి పక్కన సింగిల్ ప్లేయర్, స్టీమ్ క్లౌడ్ అంటూ వరసగా కొన్ని మాటలుంటాయి. ఆ చుట్టుపక్కలే చాలాసార్లు ‘ప్రొఫైల్ ఫీచర్స్ లిమిటెడ్’ అని ఇంకోటి కనిపిస్తుంది. ఆట కొనేవాళ్ళలో దాన్ని చదివేవాళ్ళు తక్కువ. ఆట తయారుచేసినవాడికి మాత్రం పొద్దున లేవగానే కళ్ళు ముందు అక్కడికే పోతాయి.

ఆ ముద్ర ఉన్నంత మాత్రాన ఆటకి లోపలేమీ తక్కువ కాదు. అమ్ముకోవచ్చు, సేవ్ ఫైళ్ళు క్లౌడ్‌లోకి పోతాయి, లీడర్‌బోర్డులు పనిచేస్తాయి, ఆడుతుంటే అచీవ్‌మెంట్లు, అంటే ఆటలో ఏదైనా సాధిస్తే ఇచ్చే పతకాలు, టింగుమంటూ వస్తాయి కూడా. కానీ అవి ఆటగాడి ప్రొఫైల్ లెక్కలో కలవవు. అతని దగ్గర ఎన్ని ఆటలున్నాయో చూపే అంకెలోనూ ఈ ఆట చేరదు. అచీవ్‌మెంట్లు 100 దాటకూడదు. ట్రేడింగ్ కార్డులు అసలే ఉండవు. గమనించారా, ఆట గడప దాటి నలుగురిలోకి వచ్చేవాటినే స్టోరు ఆపింది.

ఎందుకో తెలియాలంటే కార్డుల సంగతి చెప్పుకోవాలి. ఆటలోని బొమ్మలతో చేసిన ఈ డిజిటల్ కార్డుల్ని 2013లో స్టీమ్ మొదలుపెట్టింది. ఒక ఆటకి 6 కార్డులుంటే, ఆడుతూ పోతే 3 మీకొస్తాయి. మిగతా 3 స్నేహితుల దగ్గర మార్చుకోవాలి, లేదా ఆటగాళ్ళు ఒకరికొకరు అమ్ముకునే స్టీమ్ మార్కెట్లో కొనాలి. సెట్టు పూర్తయితే బ్యాడ్జి, బ్యాడ్జితో 100 ఎక్స్‌పీ పాయింట్లు, వాటితో ప్రొఫైల్ లెవెల్. మా మేనల్లుడు మూడు కార్డులమ్మి, వాలెట్లో పడ్డ చిల్లర చూపించి, “ఆడి సంపాదించాను మావయ్యా” అన్నాడు. వాడి చిల్లర సరే, ప్రతి అమ్మకం మీదా మామూలుగా 5 శాతం స్టీమ్‌కి, 10 శాతం ఆట తెచ్చినవాళ్ళకి ఫీజు పడుతుంది. తిరకాసంతా ఇక్కడే మొదలైంది.

కార్డు రావడానికి ఆట నిజంగా ఆడక్కర్లేదు, తెరిచి ఉంచితే చాలు. ఇది కనిపెట్టినవాళ్ళు ఆట అనే పేరుకి ఏదో ఒకటి అతికించి, అప్పట్లో ఉన్న గ్రీన్‌లైట్ అనే ఆటగాళ్ళ ఓట్ల పద్ధతిలో స్టోరులోకి నెట్టారు. తమ ఆటకి తామే వేలకొద్దీ కీలు, అంటే ఆటని ఖాతాలో చేర్చే కోడ్‌లు, తీసుకుని బాట్లకి, అంటే మనిషి లేకుండా ప్రోగ్రాము నడిపే ఖాతాలకి, పంచారు. బాట్లు రాత్రీపగలూ ఆ ఆట తెరుచుకుని కూర్చుని కార్డులు పోగేసేవి. అవి మార్కెట్లోకి వెళ్ళేవి. ఆట ఒక్కరూ కొనకపోయినా డబ్బు వచ్చేది. అసలు కన్నా వడ్డీ ముద్దంటారే, ఇక్కడ అసలన్నదే లేదు. అదీగాక, బాట్లు ఆడుతున్నట్టు నటించిన గంటలన్నీ స్టోరు లెక్కల్లో చేరి, ఎవరికి ఏ ఆట చూపించాలో తేల్చే లెక్కనే పాడుచేశాయి. నామటుకు నాకు డబ్బు నష్టం కన్నా ఇదే పెద్ద నష్టం.

2017 మే నెలలో స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ నిబంధన మార్చింది. ఆటని నిజమైన మనుషులు కొని ఆడుతున్నారని నమ్మకం కుదిరేదాకా కార్డులు రావు. మరుసటి నెలలోనే గ్రీన్‌లైట్ పోయి స్టీమ్ డైరెక్ట్ వచ్చింది. 100 డాలర్లు కట్టి ఎవరైనా ఆట పెట్టుకోవచ్చు, ఆట 1,000 డాలర్లు తెస్తే ఆ వంద వెనక్కి. అంటే తలుపు బార్లా తీసి, బీరువాకి తాళం వేశారన్నమాట. ఈలోగా వేరే సంత మొదలైంది. ఆటకి వేలకొద్దీ అచీవ్‌మెంట్లు పెట్టి, వాటి బొమ్మల్లో అక్షరాలు వేసి, వాటితో ప్రొఫైల్లో పేరు రాసుకోమని అమ్మారు! 2018 జూన్‌లో ఆ 100 హద్దు, ప్రొఫైల్ ఆంక్షలు వచ్చింది అందుకే.

మరి ఎంతమంది కొంటే నమ్మకం కుదురుతుంది? ఆ కొలత వాల్వ్ బయటపెట్టలేదు. చెబితే బాట్లవాళ్ళు సరిగ్గా అంతవరకే కొనిపిస్తారు కాబట్టి దాచడం సబబే అంటాను. కానీ ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చినట్టు, ఇద్దరు కుర్రాళ్ళు రెండేళ్ళు కూర్చుని నిజాయితీగా చేసుకున్న ఆట కూడా అదే వరసలో నిలబడాలి. ఎంత దూరం వచ్చారో చూపే మైలురాయి ఒక్కటీ ఉండదు.

మైక్రోసాఫ్ట్ ఇదే చిక్కుని ఇంకోలా తెంచింది. 2017లో ఎక్స్‌బాక్స్ లైవ్ క్రియేటర్స్ ప్రోగ్రామ్ పెట్టి, ఎవరైనా రావచ్చంది. కాకపోతే ఆ దారిన వచ్చిన ఆటకి అచీవ్‌మెంట్లు ఇవ్వలేదు, వాటితో పెరిగే గేమర్‌స్కోర్ ఇవ్వలేదు, ఆన్‌లైన్ మల్టీప్లేయర్ ఇవ్వలేదు. అవి కావాలంటే ఐడీ ఎట్ ఎక్స్‌బాక్స్ అనే వేరే దారిలో దరఖాస్తు పెట్టి, ఆట చూపించి ఒప్పించాలి. అక్కడ ముందే మనిషి చూస్తాడు, ఇక్కడ తర్వాత లెక్క చూస్తుంది. నన్నడిగితే లెక్కే మేలు, దానికి మన ఊరు, మన కాలేజీ పేరు అక్కర్లేదు.

స్టీమ్‌లో ఇంకో మంచి సంగతుంది. ఆట ఆ గీత దాటిన రోజున, అంతకుముందు ఆడినవాళ్ళకి కూడా కార్డులు వస్తాయి. మొదట నమ్మి కొన్న పాతికమందీ నష్టపోరు. కాబట్టి కార్డుల బొమ్మలు గీయడానికి తొందరేమీ లేదు. ఇందాక టీ దగ్గర ఒకబ్బాయి తన ఆటకి 140 అచీవ్‌మెంట్లు రాసుకున్నానన్నాడు. బాబూ, ముందు 100 పెట్టు. ఆ 40 నోట్‌బుక్కులోనే ఉండనీ.