హెచ్ఆర్ వాళ్లు చూడని పద్దులు

అందరికీ నమస్కారం.

"ఉద్యోగులే మా సంస్థకు అసలైన ఆస్తి" అని హెచ్ఆర్ వాళ్లం మనం ప్రతి సభలోనూ అంటాం. ఫైనాన్స్ వాళ్లు వింటే లోలోపల నవ్వుకుంటారు. బ్యాలెన్స్ షీట్‌లో, అంటే సంస్థ ఆస్తులు, బాకీలు చూపే పట్టికలో, ఆస్తుల వైపు ఎంత వెతికినా ఉద్యోగులు కనిపించరు మరి. మనిషి రేపు రాజీనామా ఇచ్చి వెళ్లిపోవచ్చు. అతని నైపుణ్యం మీద సంస్థకు తగినంత అదుపు ఉండదు కాబట్టి, దాన్ని ఆస్తిగా చూపడం సాధారణంగా కుదరదంటుంది అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 38. ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాడి కోసం మరో క్లబ్బుకు కట్టిన సొమ్మును ఆస్తిగా రాసుకుంటాయి నిజమే. అక్కడ కూడా ఆస్తి ఆటగాడు కాదు, అతన్ని ఆడించుకునే హక్కు.

మరి మనవాళ్లు ఎక్కడుంటారు? ఖర్చుల్లో ఉంటారు, చెల్లించాల్సిన బాకీల్లో ఉంటారు. ఖర్చుల సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసు. బాకీల వైపు మాత్రం సీనియర్లు కూడా తొంగిచూడరు.

సెలవుల సంగతే చూడండి. వాడుకోని సెలవులు వచ్చే ఏడాదికి చేరే పద్ధతి ఉంటే, ఆ సెలవు సంపాదించుకున్న రోజునే సంస్థకు బాకీ పడినట్టు. ఐఏఎస్ 19 చెప్పేది ఇదే. డబ్బుగా మార్చుకునే వీలు లేకపోయినా లెక్క కట్టాల్సిందే. ఒక ఉద్యోగికి 40 రోజుల సెలవు పోగైంది, రోజు జీతం 1,000 అనుకుందాం. సుమారుగా బాకీ 40,000. ఇప్పుడు 10 శాతం ఇంక్రిమెంట్ ఇచ్చారు. కొత్త సెలవు ఒక్కటీ చేరకపోయినా బాకీ 44,000 అయింది. ఎప్పుడో సంపాదించిన పాత సెలవు కొత్త జీతం లెక్కన మళ్లీ విలువ కట్టించుకుంది. ఆ అదనపు 4,000 ఈ ఏడాది లాభంలోంచి పోతుంది. అలాంటివాళ్లు 500 మంది ఉంటే 20 లక్షలు. ఇంక్రిమెంట్ల ప్రతిపాదనలో ఈ అంకె పెట్టినవాళ్లను నేను చాలా అరుదుగా చూశాను. ఇకనుంచి "సెలవులు ఎన్నయినా దాచుకోవచ్చు" అని పాలసీ రాసే ముందు, అది ఏ పద్దులోకి వెళ్తుందో అకౌంట్స్ వాళ్లను అడగండి.

ట్రైనింగ్‌ది ఇంకో రకం కష్టం. 10 లక్షలు పెట్టి ఐదేళ్లు పనిచేసే యంత్రం కొంటే, ఏడాదికి 2 లక్షల చొప్పున తరుగుదలగా ఖర్చు రాస్తారు. అదే 10 లక్షలు శిక్షణకు పెడితే, నైపుణ్యం ఆస్తి కాదు కాబట్టి, మొత్తం ఈ ఏడాది లాభం మీదే పడుతుంది. జేబులోంచి పోయిన డబ్బు రెండుచోట్లా ఒకటే. లాభం తగ్గేలా ఉందనగానే ముందు కత్తెర పడేది శిక్షణ మీద ఎందుకో అర్థమైంది కదా. ఎవరికీ శిక్షణ మీద కోపం లేదు, దాన్ని ఆపితే ఈ ఏడాది అంకె వెంటనే బాగుపడుతుంది, అంతే. అందుకే బడ్జెట్ మీటింగ్‌లో "నైతిక స్థైర్యం" లాంటి మాటలు పనిచేయవు. శిక్షణ తర్వాత ఏ పని ఎంత వేగంగా అవుతుంది, ఏ ఔట్‌సోర్సింగ్ బిల్లు ఆగుతుంది, పెట్టిన డబ్బు ఎన్ని నెలల్లో తిరిగొస్తుంది, ఇవి చెప్పాలి.

బడ్జెట్‌లో ఎక్కువగా బోల్తా కొట్టేది ఏడాది మధ్యలో పెంచే జీతాల దగ్గర. ఏడో నెల నుంచి 10 శాతం పెంచితే ఈ ఏడాది జీతాల బిల్లు పెరిగేది 5 శాతమే. చవగ్గా తేలిపోయిందనిపిస్తుంది. వచ్చే ఏడాది ఒక్క పైసా పెంచకపోయినా, బిల్లు ఈ ఏడాది మీద దాదాపు 4.8 శాతం పెరుగుతుంది. చివరి మూడు నెలల్లో చేర్చుకునే కొత్తవాళ్ల లెక్కా అంతే: ఈ ఏడాది మూడు నెలల జీతం, వచ్చే ఏడాది పన్నెండు నెలలది. తీరా చూస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

కాంట్రాక్టు సిబ్బంది గురించి ఒక్క మాట. సొంత ఉద్యోగుల బదులు వాళ్లను పెడితే "ఉద్యోగుల ఖర్చు" తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ డబ్బు మరో పద్దులోకి మారిందేమో చూశాకే చప్పట్లు కొట్టండి.

ఒక ఉద్యోగి మానేస్తే జీతానికి ఇన్ని రెట్లు నష్టమని స్లైడ్లలో రాస్తుంటాం. "ఈ అంకె ఎక్కడిది?" అని సీఎఫ్ఓ, అంటే ఫైనాన్స్ అధిపతి, అడిగితే నీళ్లు నములుతాం. దానికన్నా మీ సంస్థలో ఒక్క ఖాళీని తీసుకోండి. నియామకానికి కట్టిన ఫీజు, ఇంటర్వ్యూలకు పోయిన గంటలు, ఖాళీగా ఉన్నన్నాళ్లు మిగతావాళ్లకు ఇచ్చిన ఓవర్‌టైమ్ కూడండి. ఆ సీటుకు కట్టక మిగిలిన జీతాన్ని అందులోంచి తీసేయండి, చాలామంది ఇది మర్చిపోతారు. వచ్చే అంకె చిన్నదే కావచ్చు, కానీ ఎవరూ కొట్టిపారేయలేరు.

ఒక పని అప్పజెప్తాను. వచ్చే నెల మీ పేరోల్ (జీతాల చెల్లింపు) మొత్తాన్ని, అకౌంట్స్‌లోని ఉద్యోగుల ఖర్చును పక్కపక్కన పెట్టండి. రెండూ కలవవు. బోనస్ ప్రొవిజన్ (ఇవ్వబోయే బోనస్ కోసం ముందే ఖర్చుగా రాసుకున్న మొత్తం), సెలవుల బాకీ, పీఎఫ్ లాంటివాటికి యజమానిగా సంస్థ కట్టే వాటా, స్టాక్ ఆప్షన్ల (ముందే నిర్ణయించిన ధరకు సంస్థ షేర్లు కొనుక్కునేందుకు ఉద్యోగులకిచ్చే హక్కు) ఖర్చు, ఇలా తేడాకు కారణాలు ఒక్కొక్కటే రాసుకుంటూ వెళ్లండి. ఎక్కడైనా ఆగిపోతే అకౌంట్స్‌లో ఎవరో ఒకరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, సంతోషంగానే చెబుతారు.

ఇక ప్రశ్నలు అడగండి. స్టాక్ ఆప్షన్ల గురించి మాత్రం చివర్లో అడగండి, అది మొదలుపెడితే భోజనాల దాకా ఆగదు.