వాన గీసిన గీత: ఆస్ట్రేలియాలో మనుషులు ఎక్కడుంటారు?

అందరికీ నమస్కారం.

ఆస్ట్రేలియా విస్తీర్ణం సుమారు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి రెండింతలకు పైనే. జనం మాత్రం 2.7 కోట్లు. 2011 లెక్కల్లో తెలంగాణ ఒక్కదానికే 3.5 కోట్ల జనాభా ఉంది. అంత నేల, ఇంత తక్కువ జనం. అయినా సిడ్నీలో ఇల్లు కొనాలంటే మామూలు ఉద్యోగికి చుక్కలు కనపడతాయి. ఈ తిరకాసు ఎక్కడ మొదలైందో ఇవాళ చూద్దాం.

ఆ జనంలో నూటికి 85 మందికి పైగా సముద్ర తీరానికి 50 కిలోమీటర్ల లోపే ఉంటారు. సిడ్నీ, మెల్‌బోర్న్ రెండింటిలోనే దేశ జనాభాలో దాదాపు 40 శాతం ఉంది. ఇది బీచ్ మోజు వల్ల కాదు, నీళ్ళ వల్ల. తూర్పు తీరం వెంట ఉన్న కొండల వరస వానను చాలావరకు అక్కడే దింపేస్తుంది. లోపలికి వెళ్ళే కొద్దీ నేల ఎండిపోతుంది.

ఈ సంగతిని ముందే పసిగట్టినవాడు జార్జ్ గోయ్డర్, దక్షిణ ఆస్ట్రేలియా సర్వేయర్ జనరల్. 1865లో, ఘోరమైన కరువు నడుమ, గుర్రమెక్కి బయల్దేరాడు. అప్పటికి ఆ లోపలి ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి రాసిపెట్టిన వర్షపాతం లెక్కలు లేవు. అందుకని మొక్కల్ని చూశాడు. మాలీ అనే యూకలిప్టస్ జాతి పొదలు ఆగి, ఉప్పునేలల్లో పెరిగే బూడిదరంగు సాల్ట్‌బుష్ మొదలయ్యే చోటును గుర్తించి మ్యాప్ మీద గీత గీశాడు. దానికి దక్షిణాన సేద్యం చేసుకోవచ్చు, ఉత్తరాన పశువులు, గొర్రెలు మేపుకోవాలి తప్ప గోధుమ వేయొద్దన్నాడు. తర్వాత చూస్తే ఆ గీత ఇంచుమించు ఏడాదికి 250 నుంచి 300 మిల్లీమీటర్ల వాన పడే హద్దు మీదే ఉంది. మన అనంతపురంలో పడేదాంట్లో సగం అనుకోండి.

ఎవరైనా విన్నారా? కొన్నాళ్ళు. తర్వాత నాలుగు మంచి వానలు పడేసరికి రైతులు గోయ్డర్‌ని వెక్కిరించారు. నాగలి నడిచిన చోటికి వాన దానంతటదే వస్తుందని నమ్మారు. 1874లో ఆ హద్దును చట్టం లోంచే తీసేశారు. గోధుమ మీద ఆశతో గీతకు బాగా ఉత్తరాన 1878లో ఫరీనా అనే ఊరు వెలిసింది. 1880ల కరువులు ఆ ఆశను తుడిచిపెట్టేశాయి. ఆ వైపు వెళ్తే పైకప్పుల్లేని రాతి ఇళ్ళ గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మరి నీళ్ళు లేని చోట ఊరే నిలవదా? బంగారం ఉంటే నిలుస్తుంది! పశ్చిమాన కల్గూర్లీ దగ్గర 1893లో బంగారం దొరికింది. జనం ఎగబడ్డారు. తాగడానికి నీళ్ళు లేవు, టైఫాయిడ్‌తో చాలామంది పోయారు. పెర్త్ దగ్గరి కొండల్లో ఆనకట్ట కట్టి, అక్కణ్ణించి దాదాపు 560 కిలోమీటర్లు పైపులో నీళ్ళు పంపుదామన్నాడు ఇంజనీర్ ఓ'కానర్. పంపింగ్ స్టేషన్లతో నీళ్ళను ఎత్తి పంపడం పిచ్చిపని అని పత్రికలు దుమ్మెత్తి పోశాయి. 1902లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 1903 జనవరిలో నీళ్ళు కల్గూర్లీ చేరాయి. ఆ పైపు దారిలోని గోధుమ ఊళ్ళు కూడా దాని నీళ్ళే తాగుతున్నాయి.

ఇప్పటి గనుల తీరు వేరు. పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర భాగంలోని పిల్బరాలో ఇనుప ఖనిజం తవ్వే ఉద్యోగుల్లో చాలామంది అక్కడ కాపురం పెట్టరు. పెర్త్‌లో విమానం ఎక్కి వెళ్తారు, వారమో రెండు వారాలో పన్నెండేసి గంటల షిఫ్టులు చేసి ఇంటికొస్తారు. ఊరు లేకుండానే పని నడుస్తుంది.

ఇక లోపలి భాగం. అక్కడ అన్నా క్రీక్ అనే పశువుల స్టేషన్, అంటే పశువులు మేపే క్షేత్రం, ఒక్కటే సుమారు 15,700 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి చిత్తూరు జిల్లా కంటే కాస్త ఎక్కువే. ఇంత దూరాల మధ్య ఉండేవాళ్ళ కోసమే 1928లో విమానంలో వచ్చే డాక్టర్లు, 1951లో రేడియోలో చెప్పే బడి పుట్టాయి.

అయితే "ఖాళీ" అనే మాటను నేను ఒప్పుకోను. ఆదివాసులు అక్కడ పదుల వేల ఏళ్ళుగా ఉన్నారు. ఎవరిదీ కాని నేల అన్న వాదాన్ని 1992లో మాబో అనే భూహక్కుల కేసులో హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) కొట్టేసింది. నార్తర్న్ టెరిటరీలో నేల దాదాపు సగం 1976 చట్టం కింద ఇప్పుడు వాళ్ళదే. అలాగని ఆదివాసులంతా ఎడారిలోనే ఉంటారనుకోకండి. ఎక్కువమంది ఉండేది న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్‌లలోనే.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలిగా. 2021 జనగణనలో, విదేశాల్లో పుట్టినవాళ్ళలో ఇంగ్లండ్ తర్వాత స్థానం ఇండియాదే. సిడ్నీ, మెల్‌బోర్న్ కిక్కిరిసిపోతున్నాయని ప్రభుత్వం 491 వీసా పెట్టింది. అది పాయింట్లను బట్టి నైపుణ్యం ఉన్నవాళ్ళకిచ్చే తాత్కాలిక వీసా. రీజనల్, అంటే సిడ్నీ, మెల్‌బోర్న్ లాంటి నగరాల బయటి ప్రాంతానికి వెళ్తే అదనంగా 15 పాయింట్లు. మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఈ పాయింట్ల టెన్షన్‌లో ఉండే ఉంటారు. 20 లక్షలు దాటిన పెర్త్ కూడా వీసా లెక్కలో "రీజనల్"! కాబట్టి పాయింట్ల కోసం గోయ్డర్ గీత దాటి వెళ్ళేవాళ్ళు తక్కువ, అడిలైడ్‌లో దిగేవాళ్ళే ఎక్కువ. అక్కడ మూడేళ్ళు ఉండాలన్న షరతు తీరి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చాక ఎక్కడికైనా పోవచ్చు. మెల్‌బోర్న్ బండెక్కేవాళ్ళు అప్పుడే ఎక్కుతారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.