గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్ట: చేలో వాడి చూశాక నా అభిప్రాయం

నమస్కారం. చండూరు దగ్గర మా పత్తి చేలో నిలబడి మాట్లాడుతున్నాను. పచ్చని మూత, కింద పొడవాటి పాలిథిన్ సంచి ఉన్న ఈ గరాటు బుట్టనూ, మూత కింద అమర్చే, పురుగును వాసనతో రప్పించే చిన్న రబ్బరు ల్యూర్‌నూ ఈ రోజు రివ్యూ చేస్తున్నాను.

ముందుగా ఇది పనిచేసే తీరు చెబుతాను. పత్తి కాయను లోపల తొలిచే గులాబీ రంగు పురుగులో, రెక్కలొచ్చిన ఆడది రాత్రివేళ తన పొట్ట చివర ఉన్న గ్రంథిని బయటికి చాచి ఒక వాసనను గాలిలోకి వదులుతుంది. మగది తన మీసాలతో దాన్ని పసిగట్టి గాలికి ఎదురుగా ఎగురుతుంది. వాసన తెగిపోతే ముందుకు పోకుండా అటూ ఇటూ తిరుగుతూ, మళ్ళీ తగిలాకే ముందుకు సాగుతుంది. ఆ వాసన ఏమిటో 1973లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఒకే పదార్థానికి చెందిన రెండు రూపాలు దాదాపు సమపాళ్ళలో కలిసిన దీనికి గాసిప్లూర్ అని పేరు. ఈ రబ్బరు ముక్కలో ఇంకి ఉన్నది అదే.

సంచి ముడి విప్పుతున్నాను, చూడండి. గోధుమ, బూడిద రంగులు కలిసిన ఈ చిన్న పురుగులన్నీ మగవే. ఆడది ఈ బుట్టలోకి రాదు. ఒక మగది అనేక ఆడవాటితో జతకట్టగలదు కాబట్టి, మిగిలిన కొద్దిపాటి మగవే చాలు, గుడ్లు పడుతూనే ఉంటాయి. అందుకే ఎకరాకు రెండు బుట్టలు పెట్టి పురుగు పోతుందనుకోవడం పొరపాటని నా గట్టి అభిప్రాయం. ఎకరాకు 8 చొప్పున, అదీ ఊరంతా కలిసి పెడితేనే ఎక్కువ సంఖ్యలో పట్టి అదుపు చేసే ఆలోచనకు అర్థముంటుంది.

మరి రెండు బుట్టలు ఎందుకంటే, లెక్క కోసం. పిల్ల పురుగు కాయలోకి దూరిందంటే మందు దాన్ని చేరదు. పైకి కాయ పచ్చగా, నిండుగానే కనిపిస్తుంది. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడితే చర్య తీసుకోవాల్సిన స్థాయి వచ్చినట్టు. దానితోపాటు చేనంతా తిరిగి 20 పచ్చికాయలు కోసి చీల్చి చూడాలి. వాటిలో రెండు కాయల్లో పురుగున్నా అదే హెచ్చరిక.

నిరుడు నేను తేదీ చూడకుండా ఒక దుకాణంలో పాత ల్యూర్లు కొన్నాను. సంచులు ఖాళీగా ఉంటే చేను బాగుందనుకున్నాను, తీరా గుడ్డిపూలు, అంటే పురుగు పట్టి విచ్చుకోని పూలు, కనిపించాకే మోసం తెలిసింది. కాబట్టి తేదీ చూసి కొనండి, మూడు వారాలకొకసారి మార్చండి. శనగపచ్చ పురుగు ల్యూర్ ముట్టిన చేత్తో దీన్ని ముట్టకండి, ఎందుకంటే ఆ పురుగు వాసన వేరు. పైరు పెరిగిన కొద్దీ బుట్టను కూడా ఆకుల కంటే అడుగు ఎత్తులో ఉండేలా జరుపుతూ ఉండండి.

మొన్న బుట్టకు 4, నిన్న 6, ఈ ఉదయం 9 పడ్డాయి. ఈ సాయంత్రం కాయలు కోసి చూస్తాను, రేపు పొద్దున మళ్ళీ సంచి విప్పుతాను.