ముఖం మీద ఆపరేషన్ మచ్చ: సిలికాన్ జెల్లా, షీటా, పేపర్ టేపా? మన సీమ ఎండలో ఏది నిలుస్తుంది?

నమస్తే అండి. యాక్సిడెంట్‌లో చెంప చీలి కుట్లు పడినవాళ్లు, క్యాన్సర్ గడ్డ తీశాక నుదుటి చర్మంతో ముక్కు కట్టించుకున్నవాళ్లు, గ్రహణమొర్రి పిల్లల అమ్మానాన్నలు అందరూ అడిగేది ఒకటే: మచ్చ పోతుందా? పూర్తిగా పోదండి. సన్నబడుతుంది, మెత్తబడుతుంది, పక్క చర్మం రంగుకు దగ్గరవుతుంది. దానికి ఏడాది, కొందరికి ఏడాదిన్నర పడుతుంది. నెలలో మాయం చేస్తామనే ట్యూబు కనిపిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ముందు అన్నిటికన్నా చవకైనది, అరంగుళం పేపర్ టేపు. ముఖం మీద కుట్లు మామూలుగా 5 నుంచి 7 రోజుల్లో తీసేస్తారు. అప్పటికి గాయం అతుక్కుంటుంది కానీ బలం రాదు. మూడు వారాలకు కూడా మామూలు చర్మం బలంలో మూడో వంతు ఉండదు. నమిలినా, నవ్వినా, ఆవులించినా ఆ గీత రెండు పక్కలకూ లాగుడు పడి వెడల్పవుతుంది. టేపు ఆ లాగుడు తగ్గిస్తుంది. సిజేరియన్ కోతల మీద 12 వారాలు టేపు వేసి చూసిన ఆస్ట్రేలియా పరిశోధన 2005లో వచ్చింది. టేపు వేసుకున్నవాళ్లలో ఉబ్బు మచ్చలు తగ్గాయి. గడ్డం, నోటి చుట్టుపక్కల మచ్చలకు మేమైతే దీనికే మొదటి మార్కు ఇస్తాం.

వేసే పద్ధతి చూడండి. ముఖం కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, నూనె, క్రీము ఏదీ ఉండకూడదు. మచ్చ పొడవునా అతికించాలి. స్నానం చేసినా పీకొద్దు, అద్ది ఆరబెట్టుకోండి. మూడు నుంచి ఐదు రోజులకు అంచులు లేచినప్పుడు నీళ్లతో తడిపి, మచ్చ వెంబడే మెల్లగా తీయండి. రోజూ చర్రున పీకితే లేత చర్మం ఊడొస్తుంది. కింద దద్దుర్లు లేస్తే మానేయండి.

ఇప్పుడు సిలికాన్ జెల్. ఇందులో మందంటూ ఏమీ లేదు. చర్మం పై పొర తేమ ఆవిరి కాకుండా ఆపుతుంది, అంతే. ఆ తేమ పోతుంటే కొలాజెన్ (మచ్చను గట్టిపరిచే ప్రోటీన్ నార) ఇంకా తయారుచేయమని లోపలి కణాలకు కబురు పోతుంది, మచ్చ ఉబ్బుతుంది. అనంతపురం పొడిగాలిలో ఈ తేమ సంగతి ఇంకా ముఖ్యం. పొక్కు రాలిపోయి, రసి కారడం ఆగాకే మొదలుపెట్టాలి. ఎక్కువమందికి రెండు మూడు వారాలు. పచ్చి గాయం మీద రాయకూడదు. రెండు మూడు సెంటీమీటర్ల మచ్చకు బియ్యపు గింజంత చాలు. పలచగా పరిచి వదిలేయండి, క్రీములాగా రుద్దొద్దు. నాలుగైదు నిమిషాల్లో ఆరాలి. ఇంకా జిగటగా ఉందంటే ఎక్కువైందని అర్థం, తుడిచేయండి. రోజుకు రెండుసార్లు, కనీసం మూడు నెలలు. చానామంది నెలకే ఆపేసి పనిచేయలేదంటారు.

సిలికాన్ షీటు అంటే మచ్చ మీద అతికించే మెత్తని పొర, పనిచేసేదీ అదే పద్ధతిలో. కానీ రోజుకు 12 గంటలకు తగ్గకుండా ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప ఎండకు పగలు షీటు నిలవదు, కింద చెమట పొక్కులు వస్తాయి. అందుకే మా మాట: పగలు జెల్, రాత్రి షీటు. షీటును రోజూ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టుకుంటే జిగురు పోయేదాకా వాడుకోవచ్చు.

ఉల్లి రసం జెల్స్‌కు ఆధారం బలహీనం. విటమిన్ ఇ నూనె మాత్రం వద్దే వద్దు. 1999లో 15 మంది మీద చేసిన పరీక్షలో మూడో వంతు మందికి అలర్జీ వచ్చింది, దాదాపు అందరికీ లాభం లేదు లేదా మచ్చ ఇంకా చెడింది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే బెటామెథాసోన్ అనే స్టెరాయిడ్ క్రీములు ఇంకా ప్రమాదం. ముఖం చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి. డాక్టరు రాయకుండా ముట్టుకోవద్దు.

ఇంక ఎండ. మన చామనఛాయ చర్మానికి ఎర్రమచ్చ నల్లమచ్చగా మారేది దీనివల్లే. జెల్ ఆరాక ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ వేసి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ వేయండి. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఇంకా మేలు. పొలం పని, బండి ప్రయాణం ఉన్నవాళ్లకు గొడుగు, వెడల్పు అంచు టోపీ తప్పనిసరి. మచ్చ ఎరుపు పోయేదాకా ఇది ఆపకూడదు.

మర్దన గాయం పూర్తిగా మూసుకున్నాక, సర్జన్ సరే అన్నాకే. వేలితో నొక్కితే మచ్చ తెల్లబారాలి, అంత ఒత్తిడి కావాలి. ఐదేసి నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. పక్కనుంచి చర్మం తిప్పి అతికినచోట మధ్యలో దిండులా ఉబ్బితే బెంబేలు పడొద్దు, నెలల్లో తగ్గుతుంది, మర్దన అక్కడ బాగా ఉపయోగపడుతుంది. తొడ నుంచి తీసి అతికించిన చర్మానికైతే సొంత నూనె ఉండదు. రోజూ వాసన లేని మాయిశ్చరైజర్ పూయకపోతే పగులుతుంది. బీడీ, సిగరెట్ ఆపకపోతే ఇవేవీ సాయం చేయవు, అతికిన చర్మానికి రక్తమే సరిగ్గా అందదు.

ఆరు వారాలు దాటాక మచ్చ ఉబ్బుతూ దురద పెడుతుంటే, లేదా అసలు గాటు దాటి పక్కకు పాకుతుంటే జెల్‌తో కాలం గడపొద్దు. కర్నూలు పెద్దాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. ఉబ్బు తగ్గించే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మచ్చలోకే, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వేస్తారు. లేజర్ అడిగితే ముందు మన రంగు చర్మం నల్లబడే అవకాశం గురించి అడగండి. మచ్చ సరిచేసే ఆపరేషన్‌కు మామూలుగా ఏడాది ఆగమంటారు. కంటి రెప్ప కిందికి లాగి కన్ను మూసుకోకపోతే, ముక్కు రంధ్రం మూసుకుపోతుంటే, నోరు తెరవలేకపోతుంటే మాత్రం ఆ ఏడాది ఆగే లెక్క లేదు, ఈ వారమే సర్జన్‌కు చూపించండి.