టవల్‌కి మెత్తదనం ఎక్కడ పుట్టాలి?

(మహారాష్ట్రలోని సోలాపూర్‌లో టవల్ తయారీదారుల, కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పద్మశాలి పెద్దలకు, కార్ఖానాల యజమానులకు, మగ్గాల మీద పనిచేసే అన్నలకు, హెమ్మింగ్, ప్యాకింగ్ చేసే అక్కచెల్లెళ్లకు, టెక్స్‌టైల్ డిప్లొమా చదువుతున్న పిల్లలకు నమస్కారం.

షాపులో టవల్ కొనేవాళ్లను గమనించండి. రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలుపుతారు. మెత్తగా ఉంటే తీసుకుంటారు, లేకపోతే పక్కన పెట్టేస్తారు. నీళ్లు పీలుస్తుందా లేదా అని షాపులో ఎవరూ చూడరు, చూసే వీలూ ఉండదు. అందుకని మనం కూడా ఆ రెండు వేళ్ల కోసమే టవల్ తయారు చేయడం మొదలుపెట్టాం. తీరా ఇంటికి తీసుకెళ్లి స్నానం చేసి తుడుచుకుంటే నీళ్లు ఒంటి మీద అటూ ఇటూ జరుగుతాయి తప్ప ఆరవు. మెత్తదనానికీ నీళ్లు పీల్చే గుణానికీ నిజానికి పడకపోవడం అంటూ ఏమీ లేదు. మెత్తదనాన్ని చివర్లో పైపూతగా పూసినప్పుడే ఆ రెండింటికీ చెడుతోంది. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే.

పత్తి పోచతో మొదలుపెడదాం. గింజ తోలు మీద పెరిగే ఒకే ఒక్క కణం అది. కాయ పగిలాక ఎండి, లోపలి బోలు కుంచించుకుపోయి, మెలికలు తిరుగుతుంది. అందులో 90 శాతానికి పైగా సెల్యులోజే. 1838లో ఫ్రాన్స్‌లో ఆన్సెల్మ్ పయెన్ అనే రసాయన శాస్త్రవేత్త మొక్కల్లోంచి ఈ పదార్థాన్ని వేరు చేసి చూపించాడు. సెల్యులోజ్ అంటే వేల గ్లూకోజ్ అణువుల గొలుసు. గొలుసులోని ప్రతి లింకుకీ నీటిని పట్టుకునే హైడ్రాక్సిల్ గుంపులు మూడేసి ఉంటాయి. గొలుసులు బిగుతుగా సర్దుకున్నచోట నీటికి దారి దొరకదు. వదులుగా ఉన్నచోట దూరుతుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు పత్తి తన బరువులో సుమారు 7, 8 శాతం తేమను పట్టుకుంటుంది. కలప గుజ్జుని కరిగించి తీసే విస్కోస్ దారం 12, 13 శాతం దాకా పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు.

ఈ అంకెలు చూసి విస్కోస్ టవలే గొప్పదనుకోకండి. ఒళ్లు తుడుచుకున్నప్పుడు టవల్‌లోకి చేరే నీళ్లలో ఎక్కువ భాగం పోచ లోపలికి వెళ్లదు. పోచకీ పోచకీ మధ్య, నూలుకీ నూలుకీ మధ్య, లూపుల సందుల్లో నిలుస్తుంది. కాబట్టి టవల్‌కి రెండు కావాలి. పోచ పైభాగం నీటిని రానివ్వాలి. సందులు తెరుచుకుని ఉండాలి.

మీ దగ్గర మగ్గం మీంచి దిగిన కోరా టవల్, అంటే ఇంకా మరిగించని, బ్లీచ్ చేయని టవల్, ఒకటి తీసుకోండి. అరచేతంత ముక్క కత్తిరించి బకెట్టు నీళ్లలో వేయండి. తేలుతుంది. చేత్తో నొక్కినా మళ్లీ పైకి లేస్తుంది. పత్తి పోచ మీద పుట్టుకతో వచ్చిన మైనం పొర ఉంటుంది. బరువులో ఒక శాతం కూడా ఉండని ఆ పొర మొత్తం టవల్‌ని నీటికి దూరంగా ఉంచుతుంది. ఇక సైజింగ్‌లో, అంటే పడుగుకి గంజి పట్టించేటప్పుడు, మనం చేర్చేది ఉండనే ఉంది. ఆ టవల్‌నే కాస్టిక్ సోడాతో మరిగించి, పెరాక్సైడ్‌తో బ్లీచ్ చేశాక మళ్లీ ముక్క కత్తిరించి వేయండి. కొన్ని సెకన్లలో మునిగిపోతుంది. పత్తి అదే, నేత అదే. మారింది పైపొర మాత్రమే.

ఇప్పుడు అదే టవల్‌కి ఫినిషింగ్‌లో సిలికాన్ సాఫ్ట్‌నర్ దండిగా పట్టించి, ఆరబెట్టి, మూడో ముక్క వేయండి. మళ్లీ తేలుతుంది! బొగ్గు, ఆవిరి, కాస్టిక్, నీళ్లు ఇన్ని ఖర్చుపెట్టి పత్తి మీదున్న మైనాన్ని తీసేశాం. తర్వాత డబ్బు పెట్టి కొన్న మైనాన్ని మనమే తిరిగి పూశాం. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఎంతో శ్రమతో నేసిన బట్టని చివరి గంటలో చెడగొట్టుకుంటున్నాం.

మరి మెత్తదనం ఎక్కడ పుట్టాలి? నూలు పురిలో, అంటే నూలుకి ఎక్కించే మెలికలో.

టవల్ మగ్గం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, పిల్లల కోసం చెబుతున్నాను. పడుగు, అంటే నిలువు దారాలు, చుట్టిన రెండు బీములు ఉంటాయి. అడుగు పడుగు బీము బిగుతుగా, లూపు పడుగు బీము వదులుగా. మొదటి రెండు పేకలను, అంటే అడ్డ దారాలను, అచ్చు (వాటిని నెట్టే దువ్వెన లాంటి భాగం) పూర్తిగా కొట్టదు, కొంచెం దూరంలో ఆగిపోతుంది. మూడో పేక రాగానే మూడింటినీ కలిపి గుడ్డ అంచుదాకా నెడుతుంది. బిగుతు పడుగు మీద పేకలు జారి ముందుకొస్తాయి. వదులుగా ఉన్న పడుగు వాటితోపాటే వచ్చి, ఎటూ పోలేక పైకి లేచి లూపవుతుంది. అచ్చు ఎంత ఎక్కువ దూరంలో ఆగితే లూపు అంత ఎక్కువ ఎత్తు లేస్తుంది. టర్కీలోని బుర్సాలో చేత్తో నేసిన ఈ లూపు బట్టని హెన్రీ క్రిస్టీ ఇంగ్లండ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ శామ్యూల్ హోల్ట్ దానికి మగ్గం కట్టాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఆ టవల్ పెట్టారు. అచ్చుకీ గుడ్డ అంచుకీ మధ్య కాస్త దూరం ఉంచడం అనే ఆ కిటుకు ఈనాటి ఎయిర్‌జెట్, రేపియర్ మగ్గాల్లోనూ నడుస్తూనే ఉంది.

ఆ లూపు నూలుకి ఎక్కువ పురి ఎక్కిస్తే సన్నగా, గట్టిగా తయారవుతుంది. మగ్గం మీద తెగదు, ప్రొడక్షన్ బాగుంటుంది. కానీ పోచల మధ్య సందులు మూసుకుపోతాయి. చేతికి గరుకు, నీటికి దారి లేదు. పురి తగ్గిస్తే నూలు ఉబ్బుతుంది, పోచలు విచ్చుకుంటాయి. అప్పుడు మెత్తదనమూ పీల్చే గుణమూ ఒకేసారి పెరుగుతాయి. కష్టమల్లా ఏమిటంటే, పురి తగ్గితే నూలు తెగుతుంది, టవల్ నూగు రాలుస్తుంది. అందుకే పొడవు పింజ పత్తి కావాలి. పొడవైన పోచలు తక్కువ మెలికలతోనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అసలు పురి లేని జీరో ట్విస్ట్ టవల్ కూడా వస్తోంది. పత్తి నూలుకి నీళ్లలో కరిగే పీవీఏ దారాన్ని ఎదురు పురిలో కలిపి నేస్తారు. తర్వాత వేడినీళ్లలో ఉతికితే ఆ దారం కరిగిపోయి పత్తి విప్పారుతుంది. చాలా బాగుంటుంది, కానీ కరిగిన పీవీఏ అంతా వ్యర్థ నీటిలోకే వెళుతుంది. శుద్ధి ప్లాంటు లేనివాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

బరువు గురించి ఒక్క మాట. జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువన్న లెక్క, ఎక్కువైతే టవల్ గొప్పదన్న నమ్మకం మార్కెట్లో పాతుకుపోయింది. 700 జీఎస్ఎం టవల్ హోటల్లో డ్రయర్ ఉంటే సరే. మన ఇళ్లలో, వానాకాలంలో, దండెం మీద రెండు రోజులైనా ఆరదు, వాసన వస్తుంది. 400, 450తో హాయిగా సరిపోతుంది.

ఇక వెదురు టవల్ అని అమ్ముతున్నదాని సంగతి. వెదురు గుజ్జుని కాస్టిక్ సోడాలో, కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగించి దారంగా తీసిందే అది. అంటే విస్కోస్. రేయాన్ అన్నా అదే. తెలంగాణలో ములుగు జిల్లా కమలాపురంలో ఒకప్పుడు రేయాన్ గుజ్జు తయారయ్యేది, మనలో కొందరికి ఆ ఫ్యాక్టరీ తెలిసే ఉంటుంది. కలపైనా వెదురైనా విస్కోస్ దారి అదే. వెదురు మొక్కకున్న గుణాలన్నీ టవల్‌కీ ఉన్నాయని రాయడం తప్పు. అమెరికాలో రేయాన్‌ని వెదురని లేబుల్ వేసి అమ్మిన కంపెనీల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది కూడా. పైగా పత్తి తడిస్తే ఇంకాస్త బలపడుతుంది. విస్కోస్ తడిస్తే బలంలో దాదాపు సగం పోతుంది. రోజూ తడిసి, పిండించుకునే బట్టకి ఇది చిన్న విషయం కాదు. విస్కోస్ వాడాలనుకుంటే లూపుల్లో కొంత పాళ్లు కలపండి, అడుగు పడుగులో మాత్రం వద్దు. కలప గుజ్జునే వేరే ద్రావణంలో కరిగించి తీసే లయోసెల్ దారం ఈ లెక్కన చాలా నయం. తడిలోనూ బలం నిలుపుకుంటుంది, కరిగించే ద్రావణాన్ని దాదాపు పూర్తిగా తిరిగి వాడతారు. ధర ఒక్కటే అడ్డు.

నాలుగు ఉతుకులకే గట్టిపడిందని కస్టమర్ అంటే మనం ఆయన వాడే సబ్బు మీదకు నెట్టేస్తాం. చాలాసార్లు జరిగేది వేరు. పైన పూసిన సాఫ్ట్‌నర్ ఉతుకుల్లో పోయి, కింద ఉన్న ఎక్కువ పురి నూలు బయటపడుతుంది. ఇంకో కారణమూ ఉంది. హొక్కైడో విశ్వవిద్యాలయం, కావో కంపెనీ పరిశోధకులు 2020లో దాన్ని బయటపెట్టారు. టవల్ ఆరినా పోచల మీద కొద్దిపాటి నీరు అంటిపెట్టుకుని మిగులుతుంది. అదే బంకలా పోచల్ని ఒకదానికొకటి అతికిస్తుంది. ఆరేసేముందు గట్టిగా దులపడం, ఆరాక చేత్తో నలపడం ఆ అతుకుల్ని విడదీస్తాయి. ఈ రెండు మాటలు ప్యాకెట్ మీద తెలుగులో, మరాఠీలో అచ్చు వేయించండి.

సోలాపూర్ చద్దర్‌తో పాటు సోలాపూర్ టెర్రీ (లూపు) టవల్‌కీ జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, ఉంది. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఇక్కడ మగ్గం వేసుకున్న మన తాతల పనితనం ఆ పేరులో ఉంది. ఈ సీజన్‌లో ప్రతి కార్ఖానా ఒక్క మగ్గం మీదైనా తక్కువ పురి లూపు నూలు ఎక్కించి చూడాలని కోరుతున్నాను. సాఫ్ట్‌నర్ లేకుండా కొనేవాళ్లు ఒప్పుకోకపోతే, నీటిని రానిచ్చే రకం సాఫ్ట్‌నర్లు దొరుకుతున్నాయి, అవి అడగండి, కొలత తగ్గించి వాడండి. ప్రతి లాటు నుంచి ఒక ముక్క కత్తిరించి ఎన్ని సెకన్లలో మునిగిందో రిజిస్టర్‌లో రాయండి.

టవల్ ముక్కలు తెచ్చినవాళ్లు ముందుకు రండి. బల్ల మీద బకెట్టు, గడియారం పెట్టించాను, ఒక్కొక్కటీ వేసి చూద్దాం.